బొటనవేలి తాడు

3 మార్చి 1944, శుక్రవారం

ఇది మా మామగారి కాలంనాటి అంగడి పుస్తకం. ముందు సగం ఆయన అరవ అక్షరాలు, వెనక సగం ఖాళీ. యుద్ధం పుణ్యమా అని ధర్మపురిలో తెల్లకాగితం కంటికి కనబడడం లేదు. చింతపండు గోనెల వెనక పడి ఉంటే దులిపి తెచ్చుకున్నాను. దాచుకోవలసిన పని కూడా లేదు. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు అక్షరం చదివేది నేనొక్కదాన్నే. మా ఇంటాయనకు అరవ అక్షరాలు వచ్చు. అత్తకు ఏవీ రావు. హోసూరులో మా నాయన తెలుగు పంతులు కాబట్టి నాకు ఈ నాలుగు అక్షరాలు అబ్బాయి.

నేను ఏమి రాసుకున్నా ఎవరూ చదవలేరు. బాగుంది. ఎవరూ నాకు ఒక్క మాట రాసి చూపించలేరు కూడా. అది బాగాలేదు.

కార్తీకంలో వచ్చిన జ్వరం ఇరవై ఒక్క రోజులు ఉండి నా చెవులు పట్టుకుపోయింది. సేలం డాక్టరు చెవి దగ్గర ఏదో మోగించి, ఆయన వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. మాట్లాడడం నాకు వస్తుంది. కానీ నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అరుస్తున్నానో తెలియదు. నేను నోరు తెరిస్తే చాలు, ఇంట్లో అందరూ అరచేయి కిందికి ఆడిస్తారు. తగ్గించు, తగ్గించు. అందుకని నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

నిన్నటి సంగతి రాయాలి. రాయకపోతే తల పగిలేట్టుంది.

వసారాలో చింతకాయలు కొడుతున్నాం, నేనూ, సోగత్తూరు నుంచి వచ్చే పనివాళ్ళు నలుగురూ. నా బిడ్డ అలమేలు నా వెనక చీర ఉయ్యాలలో ఉంది. ఈ పని చేసే ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే, ఉయ్యాలకు తాడు కట్టి రెండో కొస కాలి బొటనవేలికి తగిలించుకుంటాం. చేతులు గింజ తీస్తుంటాయి, కాలు ఊపుతుంటుంది. పనివాళ్ళు మజ్జిగ తాగడానికి పెరట్లోకి పోయారు. నేను పోలేదు. అత్త పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను తోసుకుని పోయేదాకా నాకేమీ తెలియదు. ఎర్రచీమలు. బిడ్డ తొడల నిండా దద్దుర్లు, ఏడ్చి ఏడ్చి పెదవులు నీలం. తొమ్మిది నెలల పసిది రెండు మూరల దూరంలో ప్రాణం పోయేట్టు ఏడుస్తుంటే నేను నిదానంగా కాలు ఊపుతూ కూర్చున్నాను.

4 మార్చి

ఉయ్యాలను వంటింట్లోకి మార్చారు. తాడు విప్పేశారు. పాలిచ్చే వేళకు మాత్రం బిడ్డను నా ఒళ్ళో పెడుతున్నారు.

6 మార్చి, సోమవారం

ఈ ఇంట్లో నాకు ఇద్దరు శత్రువులు. ఆయన మీసం ఒకటి, అత్త దవడలో పొగాకు ఇంకొకటి. రెండూ కలిసి పెదవులను కనబడనివ్వవు. పనివాళ్ళలో పిల్లమ్మ ఒక్కతే నాకు దేవుడిచ్చిన మనిషి. పెద్ద నోరు, ముందుపళ్ళు రెండు లేవు, మాట్లాడితే ముఖమంతా మాట్లాడుతుంది. ఈ రోజు ఆమె నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని చెప్పింది.

"అమ్మణ్ణీ, చెప్తే ఏడవగూడదు. ఉగాది అయినంక బుధవారం మీనాక్షమ్మ వస్తాదంట. పాపను పళ్లిపట్టికి ఎత్తకపోతాదంట. పెద్దదయ్యేదాకా ఆడనే పెట్టుకుంటాదంట."

మీనాక్షమ్మ ఆయన అక్క. పళ్లిపట్టిలో వాళ్ళకు అంగడి ఉంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, కడుపు పండలేదు. మంచి మనిషి. చెడ్డదై ఉంటే నాకు సులువుగా ఉండేది, తిట్టుకునేదాన్ని.

ఆయన్ను అడిగాను. ఆయన అరచేయి కిందికి ఆడించి, గోడ వైపు చూశాడు. గోడలో ఏముందని? కాబట్టి నిజమే.

నేను ఏడవలేదు. బిడ్డను ఇవ్వను. ఇరవై మూడు రోజులున్నాయి. చెవులు పోతే పోయాయి, కళ్ళున్నాయి. నాకు అంతా తెలుస్తుందని వీళ్ళకు చూపిస్తాను.

9 మార్చి

చేతులు చదవడం నేర్చుకుంటున్నాను. చిత్రమైన విద్య ఇది. పిల్లమ్మ సుత్తి ఎత్తితే నా మణికట్టులో ఏదో సన్నగా కదులుతుంది. నేను ఎత్తకపోయినా సరే. ఎదుటి చేయి చేసే పనిని నా చేయి లోలోపల చేసి చూసుకుంటుంది, అప్పుడు తలకు చెబుతుంది ఇది ఫలానా అని. తల కంటే చేతికే ముందు తెలుస్తుంది.

చెంబు సంగతి చూడు. చెంబును పైనుంచి అంచు పట్టి ఎత్తితే అది పక్కకు జరపడానికి. నడుము దగ్గర పట్టుకుంటే తాగడానికి. చేయి ఇంకా చెంబును తాకకముందే, వేళ్ళు విచ్చుకునే తీరులోనే తెలిసిపోతుంది. ఈ రోజంతా పరీక్ష పెట్టుకున్నాను. పిల్లమ్మ తాగుతుందనుకున్నాను, తాగింది. ఆయన అంగడికి పోబోతూ వెనక్కి వస్తాడనుకున్నాను, గొడుగు మర్చిపోయి వచ్చాడు. వత్తల్‌మలై నుంచి చింతకాయ మోసుకొచ్చిన చంద్రప్ప గోనె దించి భుజం తడుముకుంటుంటే, పిల్లమ్మ అందుకోకముందే నేను లేచి మజ్జిగ ఇచ్చాను. నోరెళ్ళబెట్టి చూశాడు.

నాకు అంతా తెలుస్తుంది.

ఒక్క అత్తనే చదవడం కష్టం. కనకమ్మ అంటే ఈ వీధిలో అందరికీ తెలుసు, ఎవరినైనా చూసి అచ్చం అట్లే చేసి చూపిస్తుంది. చింతపండు బేరాలు కుదిర్చే కుంటి తరగరిని, ముక్కుపొడి పీల్చే పూజారిని, సంచి తడుముకునే పోస్టు మనిషిని. పనివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. చెవులు ఉన్నప్పుడు నేనూ నవ్వినదాన్నే. ఆమె చేతులు ఎప్పుడూ ఆమెవి కావు, ఇంకెవరివో.

12 మార్చి

ఆయనతో చెప్పాను, నాకు అంతా తెలుస్తోంది అని. అరచేయి కిందికి.

15 మార్చి, బుధవారం

ఇంకా సరిగ్గా పద్నాలుగు రోజులు. వీళ్ళు అప్పుడే మొదలుపెట్టారు.

పెరట్లో గిన్నెలు తోముతూ వంటింటి తలుపులోంచి చూశాను. అత్త ఉయ్యాల కింద నిలబడి ఉంది. పాత తాడును తీసి, మడిచి, సగానికి పొట్టిగా ముడి వేసింది. పీకి చూసి మళ్ళీ ముడి వేసింది. పిల్లమ్మతో ఏదో అంటోంది. మాటలు వినపడకపోతేనేం, చేతులు చూశాను కదా. ఇలా అనింటుంది:

"తాడు పొట్టి చేసేస్తిని. ఇంక దాని కాలికి అందదు. బుధవారం దాకా బిడ్డ జోలికి రాకుంటే చాలు."

ఇదే మాట అని ఉంటుంది. ఇదే అయి ఉంటుంది.

16 మార్చి

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం నీళ్ళకని వంటింటి వైపు పోయాను. గడప దగ్గరే ఆగిపోయాను. అత్త ఉయ్యాలకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఎప్పుడూ నేను కూర్చునే తీరు. ముందు చింతకాయల చేట, చేతిలో సుత్తి. రెండు చెవుల్లో దూది కుక్కుకుంది. కాలి వేలికి తాడు. మడమను నేలకు అదిమిపెట్టి, బొటనవేలు పైకి లేపి పెట్టుకుంది. పైగా కళ్ళు మూసుకుంది. నేనేమైనా గుడ్డిదాన్నా, కళ్ళు కూడా మూసుకోవడానికి?

ఆమె నోరు తెరిచి ఏదో అంది. పిల్లమ్మ అరచేయి కిందికి ఆడించింది. తగ్గించు, తగ్గించు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

తరగరి అయిపోయాడు, పూజారి అయిపోయాడు, ఇప్పుడు నా వంతు వచ్చింది. బిడ్డను చీమలు కుట్టిన సంగతిని కూడా ఆట చేసుకుని ఆడుకుంటున్నారు. పిల్లమ్మ కూడా! ఛీ.

ఇక అత్త ముఖం చూడను. చెవిటిదాని చేతిలో ఉన్న ఆయుధం ఇదొక్కటే. నేను చూడకపోతే వాళ్ళు నాకేమీ చెప్పలేరు.

17 మార్చి

చూడలేదు.

18 మార్చి

చూడలేదు. అత్త రెండు సార్లు భుజం తట్టింది. పిల్లమ్మ కొంగు పట్టి లాగింది. విడిపించుకుని పోయాను.

20 మార్చి

చూడలేదు. అలమేలుకు కింద రెండో పన్ను వచ్చింది. పాలు తాగుతూ కొరికితే తెలిసింది. ఈ సంగతి ఈ ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది, చెవులున్నవాళ్ళకు కాదు.

21 మార్చి, మంగళవారం

ఈ రోజు ఆయన నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకున్నాడు, పెదవులు నాకు కనబడాలని. నాలుగు నెలల్లో ఈ బుద్ధి ఇప్పుడు పుట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిదానంగా, ఒక్కొక్క మాటే అడిగాడు.

"నువ్వు అట్ల తిరిగి ఉన్నప్పుడు పాప ఏడిస్తే ఏమి చేస్తావు?"

"అట్ల తిరగను," అన్నాను.

"దినమంతా పాప ముఖమే చూస్తా కూసుంటావా? పొయ్యి చూసుకోవద్దా? కన్ను మూతపడదా?"

"అందరి చేతులూ చదువుతున్నాను. నాకు అంతా తెలుస్తుంది."

"పాప చేతులు నీ వీపు ఎనక ఉంటే ఎట్ల సదువుతావు తాయారూ?"

ఆయన మీసం వదిలేసి నా తల మీద చేయి పెట్టి లేచిపోయాడు. ఆయన కోపంగా అడిగి ఉంటే కోపంగా ఏదో ఒకటి అనేదాన్ని. న్యాయమైన ప్రశ్న అది. ఇన్ని రోజులూ నాకు తెలియని ఒక్క చోటు నా వీపు వెనకే ఉంది, దాన్ని వదిలేసి మిగతావన్నీ చదువుతూ మురిసిపోయాను.

ఎనిమిది రోజులు. జవాబు కావాలి. ఏడిస్తే జవాబు రాదు.

23 మార్చి, గురువారం

దొరికింది. దొరికింది. వరసగా రాస్తాను.

రెండు రోజులుగా అత్త కూర్చున్న తీరే కళ్ళ ముందు ఆడుతోంది. కోపంతోనే అనుకున్నాను. కానీ కోపానికి మించి ఏదో ముల్లులా గుచ్చుతోంది. ఆ మడమ. అత్త మనిషిని చూసిందంటే వెంట్రుకవాసి తేడా లేకుండా చేస్తుంది. తరగరి ఏ కాలు కుంటుతాడో ఆ కాలే కుంటుతుంది. నన్ను ఎగతాళి చేయాలనుకుంటే కాలు ఊపాలి కదా, నేను ఊపుతుంటాను కాబట్టి. మడమ నేలకు ఎందుకు అదిమింది? ఆ పని నా కాలు ఎప్పుడూ చేయలేదు. చేయలేదు కాబట్టే చూసినా అర్థం కాలేదు. నాకు తెలిసింది ఎగతాళి ఒక్కటే, దాన్ని తెచ్చి ఆమె ఒంటి మీద కప్పాను.

ఈ రోజు అత్త కోటకోవిలకు పోయింది. వంటింట్లో అలమేలు నిద్రపోతోంది. నేను పోయి అత్త కూర్చున్న చోటే కూర్చున్నాను. ఉయ్యాలకు వీపు, గోడ వైపు ముఖం, ముందు చేట. పొట్టి చేసిన తాడు నా వేలికి అందదనుకున్నాను. కొంచెం వెనక్కి జరిగితే అందింది. బిగుతుగా అందింది. మడమ అదిమాను. బొటనవేలు పైకి లేపాను. ఏమీ లేదు. కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు వేలు కదిలింది. నేను కదపలేదు.

వెనక్కి తిరిగి చూస్తే అలమేలు ఇటు నుంచి అటు ఒత్తిగిల్లుతోంది. మళ్ళీ గోడ వైపు తిరిగాను. తాడు ఒకసారి లాగింది, ఆగింది. తర్వాత టపటపా గుంజింది. కాళ్ళు కొట్టుకుంటోందన్నమాట, లేచింది, ఆకలి. నా చేతులు సుత్తి మీదే ఉన్నాయి, కళ్ళు మూసే ఉన్నాయి, అయినా నా బిడ్డ ఏమి చేస్తోందో నాకు తెలుస్తోంది. ఎన్నేళ్ళుగా ఈ వీధిలో అందరూ తాడు ఈ కొస నుంచి లాగుతున్నారు. ఆ కొస నుంచి కూడా లాగవచ్చని ఎవరికీ తోచలేదు. నేను ఊపుతూ ఉన్నాను కాబట్టే ఆ రోజు నాకు బిడ్డ గుంజడం తెలియలేదు, తాడు వదులుగా ఉంది, నా కాలే దాన్ని ముంచేసింది.

ఎవరికీ తోచలేదు అని రాశాను. తప్పు. మా అత్తకు తోచింది. చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నేనై కూర్చుని చూసింది.

బిడ్డను ఎత్తుకుని గట్టిగా ఏడ్చాను. ఎంత గట్టిగానో నాకు తెలియదు.

24 మార్చి

పొద్దున్నే పోయి అత్త ఎదురుగా నిలబడి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నన్నూ, నా కాలినీ చూసింది. తాడు కట్టుకునే పోయాను. లేచి పెరట్లోకి పోయి, దవడలోని పొగాకు ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి నా ముందు కూర్చుంది. పెదవులు కడిగిన గిన్నెలా శుభ్రంగా ఉన్నాయి. మాట మాటా కనబడింది.

"చెప్దామంటే ముఖం చూపిస్తివా నువ్వు? వారం దినాలు వీపు చూపించుకోని తిరిగితివే. వీపుకు ఏమని చెప్పేది?"

"నన్ను ఎక్కిరిస్తున్నావనుకుంటిని అత్తా."

"ఎక్కిరించేదానికి దూది దండగ చేస్తానా? దూది ఏమి ధర అమ్ముతాందో తెలుసా ఇప్పుడు?" నేను నవ్వబోతే ఆమె నవ్వలేదు. "ఆ దినం చీమలు కుట్టినప్పుడు నిన్ను తోసేస్తిని. కింద పడితివి. నిన్ను తిట్టుకోని, తర్వాత నన్ను తిట్టుకుంటిని. చెవుల్లేకుంటే ఎట్లుంటాదో చూద్దామని దూది పెట్టుకుంటి. ముందు కాలు ఊపుతా ఉంటే ఏమీ తెలీలే. అదిమి పెడితే తెలిసె. చేతికి కట్టుకుంటే సుత్తి దెబ్బకు అదురుతాది, కాలే మేలు. నాకు సరిగ్గా వస్తాదో లేదో చూసుకోకుండా నీకు ఎట్ల చెప్పేది? ఆశ పెట్టి మోసం చేసేదా?"

"మరి పిల్లమ్మ ఏంటికి నవ్వింది?"

పక్కనే ఉన్న పిల్లమ్మ తన పెద్ద నోటితో అందుకుంది. "ఈయమ్మ చెవుల్లో దూది పెట్టుకోని వీధంతా వినపడేట్ల అరిచె, అమ్మణ్ణీ! నేను చెయ్యి చూపిస్తి, తగ్గించమని. నీకు చూపించినట్లే."

కాబట్టి అది ఆట కాదు. అత్త నిజంగానే అరిచింది, పిల్లమ్మ నిజంగానే తగ్గించమంది. నాకు అంతా తెలుస్తుందని ఎన్ని సార్లు రాసుకున్నానో వెనక్కి తిప్పి చూసుకుని సిగ్గుపడ్డాను. కొట్టేయలేదు. ఉండనీ.

25 మార్చి, ఉగాది

పచ్చడి తిన్నాను. తాడు కాలికే ఉంది.

27 మార్చి

ఉయ్యాల మళ్ళీ వసారాలోకి వచ్చింది. దూలం నుంచి దిగే తాళ్ళకు ఆముదం పట్టించాం, చీమ దిగలేదు. పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా సాధన. ఒక్కసారి లాగితే ఒత్తిగిల్లడం. రెండు సార్లు నెమ్మదిగా అయితే చేయి బయట పెట్టడం. ఆగకుండా గుంజితే ఏడుపు. అత్త ఎదురుగా కూర్చుని, నేను వేలు పైకెత్తి చెప్పగానే ఉయ్యాల వైపు చూసి అవునో కాదో తల ఊపుతోంది. తప్పితే విసనకర్రతో మోకాలి మీద ఒక్కటి వేస్తోంది. వేయనీ. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్పడం కాదు, చూపించాలి.

29 మార్చి, బుధవారం

మీనాక్షమ్మ వదిన ఉదయం బస్సుకు వచ్చింది. సంచిలో చిన్న చిన్న చొక్కాలు, తనే కుట్టింది. ఈ రోజుల్లో గుడ్డ ఎక్కడ సంపాదించిందో. కూర్చోగానే చేతులు ఒళ్ళో పెట్టుకుంది, రెండు అరచేతులూ కొంచెం గిన్నెలా వంచి. ఆ చేతుల్లో ఏమీ లేదు, అయినా ఎత్తుకునే తీరులోనే ఉన్నాయి. ఆ తీరు నా చేతులకు బాగా తెలుసు. అయినా బిడ్డను ఇవ్వనని మళ్ళీ అనుకున్నాను.

అత్త ఆయన్నూ వదిననూ వసారాలో కూర్చోబెట్టి సంగతి చెప్పింది. నేను గోడ వైపు తిరిగి, చేట ముందు పెట్టుకుని, మడమ అదిమాను. తాడు గుంజగానే లేచిపోయి బిడ్డను ఎత్తుకున్నాను. ఒకసారి కాదు, మూడు సార్లు. ఆయన ముఖం వెలిగింది. వదిన ముఖం మాత్రం అట్లే ఉంది. నా ఎదుటికి వచ్చి నిదానంగా అంది. "పనివాళ్ళు సైగ చేస్తాండారేమో తాయారూ. నాకు పాపంటే ప్రాణం. ఇంకోసారి ఏమన్నా అయితే?"

అడగవలసిన మాటే. "పనివాళ్ళనందరినీ పెరట్లోకి పంపు వదినా," అన్నాను. "అత్తను కూడా పంపు. నువ్వూ ఆయనా మాత్రం ఉండండి. నీకు ఏది తోస్తే అది చెయ్యి."

గోడ వైపు తిరిగి కూర్చుని కళ్ళు మూసుకున్నాను. సుత్తి కొడుతూనే ఉన్నాను. తాడు నిలకడగా ఉంది, పాప నిద్రపోతోంది. ఎంతసేపో అట్లే ఉంది. చెమట పట్టింది. అప్పుడు వేలి మీద ఇంతవరకూ ఎప్పుడూ తెలియని సంగతి తెలిసింది. ఏ గుంజుడూ లేదు. బరువు పోయింది. తాడు ఒక్కసారిగా వదులై నా పాదం మీద పడింది. ఇది సాధనలో లేదు, అత్త నేర్పలేదు. అయినా నా చేతులకు ముందే తెలిసింది, ఉయ్యాలలోంచి బిడ్డను రెండు చేతులా మెత్తగా ఎత్తే పని అవి రోజూ చేసేదే.

వెనక్కి తిరగకుండానే అన్నాను.

"పాపను ఎందుకు ఎత్తుకుంటివి వదినా? పండుకోనీ."

తిరిగి చూస్తే వదిన అలమేలును గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. పాప కన్ను కూడా తెరవలేదు. ఆయన ఎప్పుడు లేచాడో, లేచి నిలబడి ఉన్నాడు. వదిన నా వైపు చూసింది. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తర్వాత వంగి, బిడ్డను ఉయ్యాలలో కాదు, నా ఒళ్ళో పెట్టింది. చొక్కాల సంచి కూడా నా పక్కనే పెట్టింది.

సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. వేసవిలో పాపను తీసుకుని పది రోజులు పళ్లిపట్టిలో ఉండి వస్తానని మాట ఇచ్చాను. తాడు కూడా తెస్తానన్నాను.

2 ఏప్రిల్, ఆదివారం

ఈ రోజు పనివాళ్ళు మజ్జిగ తాగుతుంటే అత్త లేచి నిలబడింది. చెవుల్లో దూది లేదు. చేట ముందు కూర్చుని, మూతి బిగించి, కనుబొమలు ముడిచి, కాలి వేలు పైకి లేపి, ఉలిక్కిపడి, చేటా సుత్తీ విసిరేసి, కొంగు తట్టుకుని పడబోయి ఉయ్యాల వైపు పరిగెత్తింది. అచ్చం నేనే. పిల్లమ్మ నేల మీద దొర్లింది.

ఈసారి నిజంగానే ఎగతాళి. నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. నోరంతా తెరిచి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానో తెలియదు. అందరి చేతుల వైపూ చూశాను.

ఒక్కరూ అరచేయి కిందికి చూపించలేదు.